చౌరస్తాలో విగ్రహమా, గోడ మీద బొమ్మా? గద్వాల లాంటి పట్టణాలకు రూల్ ఏంటంటే..

చౌరస్తా అందంగా ఉండాలి. అక్కడే ట్రాఫిక్ తిప్పలూ తీరాలి. ఉన్న నిధులు మాత్రం కొద్దిగానే. మరి ఏది ముందు? కోట చుట్టూ ఇరుకు వీధులతో పెరిగిన గద్వాల లాంటి పట్టణాల్లో మున్సిపల్ కౌన్సిళ్లకు ఈ ప్రశ్న తప్పదు.

సుప్రీంకోర్టు ఏం చెప్పింది?
కేరళలో ఓ విగ్రహం విషయమై 2013 జనవరి 18న సుప్రీంకోర్టు ఉత్తర్వులిచ్చింది. రోడ్లు, ఫుట్‌పాత్‌లు, ప్రజలు వాడుకునే స్థలాల్లో ఇకపై విగ్రహాలకు, కట్టడాలకు ప్రభుత్వం అనుమతి ఇవ్వకూడదని తేల్చింది. వీధి దీపాలు, ట్రాఫిక్ పనులు, రోడ్ల సుందరీకరణకు మాత్రం మినహాయింపు ఇచ్చింది.

అంటే ఏంటి?
నడిరోడ్డుపై కొత్త విగ్రహం కుదరదు. గోడ మీద బొమ్మ వేస్తే రోడ్డు అంగుళం కూడా తగ్గదు. హైదరాబాద్ మక్తాలో ఇళ్ల గోడలే బొమ్మల కొలువయ్యాయి. గద్వాలకైతే సోమనాద్రి కట్టించిన కోట ఉంది, నూలు చీరకు పట్టు అంచు కలిపే నేత ఉంది. ఆ అంచు డిజైన్ ప్రభుత్వ గోడలపై వేసినా ఊరి గుర్తు నిలుస్తుంది.

అయితే స్కూలు ముందు జీబ్రా గీతలు చెరిగిపోతే, మొదటి డబ్బా పెయింట్ వాటికే పోవాలి. బొమ్మ ఓ నెల ఆగొచ్చు, రోడ్డు దాటే పిల్లలు ఆగలేరు కదా!

కౌన్సిలర్‌ను ఇవి అడగండి
మలుపులో ఎదురొచ్చే బండి కనిపిస్తుందా? నడిచేవాళ్లకు దారి మిగులుతుందా? ఏటా రంగులు, లైట్ల ఖర్చు ఎవరిది? వీటికి జవాబు వచ్చాకే తీర్మానానికి ఓకే చెప్పాలి.