వాల్తేరులో ఉండడానికి చోటు

అనంతగిరి నుంచి డిగ్రీ చదువుకి విశాఖ దిగే ఆడపిల్ల ఇంట్లో సీటు కన్నా ముందు హాస్టల్ మాటే వస్తుంది. శృంగవరపుకోట ఘాట్ రోడ్డు బస్సులో రేకుపెట్టె కాళ్ళ మధ్య పెట్టుకుని కూచున్న పిల్ల కిటికీలోంచి మిరియం తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్లనీ, వాటి నీడన కాఫీ మొక్కలనీ చూస్తుంటుంది. పక్కన తండ్రి ఆలోచన ఒకటే, రాత్రికి పిల్ల ఎక్కడ పడుకుంటుందని.

దాదాపు తొంభై ఏళ్ళ కిందట విశాఖలోని వాల్తేరులో ఇదే చిక్కు స్వాతంత్ర్య సమరయోధురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్‌కి వచ్చింది.

ఆమె పేరెత్తితే చాలు, 1923 కాకినాడ కాంగ్రెస్‌లో ఖాదీ ప్రదర్శనకి టికెట్ లేకుండా వచ్చిన నెహ్రూని గుమ్మంలో ఆపేసిన సంగతే చెబుతారు. ముచ్చటైన కథే. నాకు మాత్రం అంతకు రెండేళ్ళ ముందరిది ఇంకా గొప్పగా తోస్తుంది. 1921లో గాంధీ కాకినాడ వస్తున్నారు. దేవదాసీలూ, ఘోషా పాటించే ముస్లిం స్త్రీలూ ఆయన్ని చూడాలి, వినాలి అని పట్టుబట్టింది పన్నెండేళ్ళు నిండని దుర్గ. ఐదు వేల రూపాయల నిధి పోగుచేస్తే ఐదు నిమిషాలు ఇప్పిస్తాం అన్నారు పెద్దలు. పిల్ల ఊరుకుంటుందిలే అనుకుని ఉంటారు. దేవదాసీలే ఆ సొమ్ము కూడబెట్టి ఇచ్చారు. సభలో గాజులూ గొలుసులూ ఒలిచి ముందు పెట్టారు. దుర్గ కూడా తన బంగారు గాజులు తీసి ఇచ్చింది. ఐదు నిమిషాల లెక్క ఎవరికీ గుర్తులేదు.

తర్వాత ఉప్పు సత్యాగ్రహం, జైళ్ళు. చదువు అప్పటికే మధ్యలో ఆగిపోయి ఉంది. బయటికొచ్చి మెట్రిక్ నుంచి మళ్ళీ మొదలుపెట్టి, రాజనీతిశాస్త్రంలో ఆనర్స్ చదవాలని వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి వెళ్తే, అమ్మాయిలకి హాస్టల్ లేదు, చేర్చుకోలేం అన్నారు వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. ఆమె అర్జీల మీద అర్జీలు పెట్టలేదు. తనలాగే హాస్టల్ లేక చదువు ఆగిన అమ్మాయిలుంటే రాయమని పత్రికలో ప్రకటన ఇచ్చింది. ఉత్తరాలు వచ్చాయి. అందరూ కలిసి ఒక చోటు చూసుకుని, తామే హాస్టల్ పెట్టుకుని, మళ్ళీ వైస్ ఛాన్సలర్ దగ్గరికి వెళ్ళారు. ఈసారి కాదనడానికి ఆయనకి కారణం మిగల్లేదు.

మద్రాసులో ఆంధ్ర మహిళా సభ, రాజ్యాంగ సభలో స్థానం, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి తొలి అధ్యక్ష పదవి, ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే. రాజమండ్రిలో పుట్టి కాకినాడలో పెరిగిన ఈ మైదానపు మనిషికి కొండలతో చుట్టరికం లేదు. అయినా పాడేరు, అరకు ఆశ్రమ పాఠశాలల్లో పదో తరగతి గట్టెక్కి కిందికి దిగే పిల్లలకి ఆవిడ కథలో నెహ్రూ టికెట్ కన్నా వాల్తేరు హాస్టలే ముందు చెప్పాలి.

జూన్ వస్తే ఘాట్ బస్సుల్లో రేకుపెట్టెలు కనిపిస్తాయి. ఏ గ్రూపు తీసుకున్నావమ్మా అని తర్వాత అడుగుదురుగాని, ఉండడానికి చోటు దొరికిందా అని ముందు అడగండి.