ఫోన్‌లో ఉన్నది పుస్తకమా, దాని ఫొటోనా?

తెలంగాణ నుంచి నేతపనికి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా గుజరాత్‌లోని సూరత్‌లో స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. సొంతూరికి ఇంత దూరాన తెలుగు నవల చదవాలంటే దగ్గరి దారి ఫోనే.

వాట్సాప్‌లో చేతులు మారే పాత నవల పీడీఎఫ్ చాలాసార్లు వట్టి పేజీల ఫొటోల కట్ట. చదువుకోవచ్చు. కానీ ఒక పేరు వెతికితే దొరకదు, అక్షరం పెద్దది చేస్తే వాక్యం తెర దాటిపోతుంది, చూపులేని వారికి ఫోన్ చదివి వినిపించలేదు. పేజీల ఫొటోకూ అక్షరాల పాఠానికీ ఉన్న తేడా నేతపని తెలిసినవారికి ఇట్టే అర్థమవుతుంది: ఒకటి చీర ఫొటో, రెండోది ఆ చీర డిజైన్ కొట్టిన జకార్డ్ కార్డులు. కార్డులుంటే జకార్డ్ బిగించిన మగ్గం మీద ఆ డిజైన్‌ను మళ్లీ నేయవచ్చు.

డిజిటల్ పాఠంలో అక్షరాలన్నీ సంఖ్యలే. ఏ అక్షరానికి ఏ సంఖ్యో చెప్పే ప్రమాణం యూనికోడ్; 1991లో వచ్చిన దాని తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. అందులో ‘అ’ అంటే 3077. కంటికి ఒక్కటిగా కనిపించే ‘క్ష’ మాత్రం మూడు సంఖ్యలు: క, పొల్లు, ష.

అమెరికాలో మైకేల్ హార్ట్ 1971 జులై 4న ఆ దేశ స్వాతంత్ర్య ప్రకటనను కంప్యూటర్‌లోకి టైపు చేశాడు. ఉచిత ఈ-పుస్తకాల ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అలా మొదలైంది. మన దగ్గర దారి వేరు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి చొరవతో సాగిన పది లక్షల పుస్తకాల పథకంలో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కూడా పాలుపంచుకుంది. వేలాది పాత తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. అంటే, ముందు ఫొటోలు వచ్చాయి. వాటిని అక్షరాలుగా మార్చి, తప్పులు దిద్దే ఓపికైన పనిని తెలుగు వికీసోర్స్‌లో ఔత్సాహికులు చేస్తున్నారు.

ఈ-పుస్తకాల వ్యాపారం ఇంకా నెమ్మది. తెలుగు ఈ-పుస్తకాలమ్మే కినిగె 2010లోనే వచ్చింది. 2016 డిసెంబరులో కిండిల్ ఐదు భారతీయ భాషలకు తలుపు తీసినప్పుడు మాత్రం గుజరాతీకి చోటుంది, తెలుగుకు లేదు. కోట్లమంది మాట్లాడే భాషకు ఇది చిన్నతనమే.

మీ దగ్గరున్న ఫైల్ ఏ రకమో తేల్చుకోవాలంటే, కంప్యూటర్‌లో తెరిచి ఒక వాక్యం కాపీ చేసి వేరేచోట అతికించండి. తెలుగే వస్తే అది పాఠం. ఏమీ రాకపోతే ఫొటో. ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తే అది అను వంటి పాత డీటీపీ ఫాంట్లలో కూర్చిన పుస్తకం. అక్షరాలున్నా వాటి సంఖ్యలు తెలుగువి కావు. దాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ఒత్తులొకసారి సరిచూసుకోవాలి.