తప్పనిసరి రక్తపరీక్ష: అంకెలు చెప్పే న్యాయం

పెండ్లికి ముందు జాతకాలు చూసుకోవడం తెలుగువారిలో తరతరాలుగా ఉన్న ఆచారం. ఎయిడ్స్ భయం లోకమంతటా వ్యాపించిన తరువాత, జాతకాల కంటె ముందు రక్తపరీక్ష ఫలితాలు చూడాలనీ, ఆ పరీక్షను చట్టం ద్వారా తప్పనిసరి చేయాలనీ వాదన బయలుదేరింది. అది వాదనగానే మిగిలిపోలేదు. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం 1988 జనవరి 1 నుండి వివాహ లైసెన్సు కోరే ప్రతి జంటకూ హెచ్.ఐ.వి. పరీక్షను తప్పనిసరి చేసింది. రెండేళ్ళు నిండక ముందే, 1989లో, ఆ రాష్ట్రమే ఆ చట్టాన్ని రద్దు చేసుకొంది. సదుద్దేశంతో చేసిన చట్టం అంత త్వరగా ఎందుకు వీగిపోయింది? అంటురోగాలకు తప్పనిసరి పరీక్షలు ఉండాలా, వద్దా అన్న చర్చను ఆ ప్రశ్నతో ప్రారంభించడం సముచితం.

ఇల్లినాయ్ అనుభవం

చట్టం అమలైన మొదటి ఆరు నెలల్లో 70,846 మంది పరీక్ష చేయించుకొన్నారు. వారిలో హెచ్.ఐ.వి. ఉన్నట్లు తేలినవారు 8 మంది మాత్రమే. అందుకైన ఖర్చు సుమారు 25 లక్షల డాలర్లు. అంటే ఒక్కొక్కరిని గుర్తించడానికి మూడు లక్షల డాలర్లకు పైగా. ఇదే కాలంలో ఇల్లినాయ్‌లో వివాహ లైసెన్సుల సంఖ్య 22.5 శాతం తగ్గిపోయింది. ప్రజలు పెండ్లి మానుకోలేదు. ఎల్లలు దాటి పొరుగు రాష్ట్రాలకు వెళ్ళి లైసెన్సులు తెచ్చుకొన్నారు. నిర్బంధం ఎక్కడ ఉంటుందో, దానిని తప్పించుకొనే దారి కూడా అక్కడే పుడుతుందని ఈ అనుభవం తెలుపుతున్నది.

పరీక్షలో జరిగే రసాయన చర్య

ఆనాడు ప్రధానంగా వాడిన పరీక్ష పేరు ఎలైసా. దీనికి అమెరికాలో 1985 మార్చిలో అనుమతి లభించింది. ఇది వైరస్‌ను నేరుగా వెదకదు. వైరస్ ప్రవేశించిన పిమ్మట శరీరం తయారుచేసే ప్రతిరక్షకాలను వెదకుతుంది. చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పలకలో ముందుగా వైరస్ ప్రోటీన్లను అంటించి ఉంచుతారు. అందులో రక్తపు సీరం వేస్తే, ప్రతిరక్షకాలు ఉన్న పక్షంలో అవి ఆ ప్రోటీన్లకు అతుక్కొంటాయి. మిగిలినదంతా కడిగివేసి, మానవ ప్రతిరక్షకాలను పట్టుకొనే మరొక ప్రతిరక్షకాన్ని ఎంజైముతో జతచేసి కలుపుతారు. చివరగా వేసే పదార్థాన్ని ఆ ఎంజైము రంగుగా మారుస్తుంది. రంగు ఎంత గాఢంగా ఉన్నదో యంత్రం కొలుస్తుంది.

అయితే ఎంత గాఢత దాటితే 'పాజిటివ్' అనాలి? ఆ గీత గీసేది మనిషే. గీతను కిందికి దించితే నిజమైన రోగులు తప్పిపోరు గాని, ఆరోగ్యవంతులు కొందరు దోషులుగా నిలబడతారు. పైకి జరిపితే ఆరోగ్యవంతులు బయటపడతారు గాని, రోగులు కొందరు జారిపోతారు. మొదట్లో ఈ పరీక్షను ఉద్దేశించినది దానంగా వచ్చిన రక్తాన్ని వడకట్టడానికి. అనుమానం వచ్చిన సీసాను పారవేస్తే పోయేది ఒక సీసా రక్తం. పారవేయకపోతే పోయేది ఒక ప్రాణం. కనుక గీతను దించి ఉంచడమే అక్కడ వివేకం. సీసాకు తగినట్లు గీసిన గీతను పెండ్లికొడుకుకూ పెండ్లికూతురుకూ వర్తింపజేయడం వేరు సంగతి.

తొలి పరీక్షలలో మరొక చిక్కు ఉండేది. వాటికి కావలసిన వైరస్‌ను మానవ రక్తకణాలలో పెంచేవారు. ఆ కణాల ప్రోటీన్లు కొంత పలకపైకి చేరేవి. పలుమార్లు గర్భం దాల్చిన స్త్రీల రక్తంలో ఇతరుల కణాలకు వ్యతిరేకమైన ప్రతిరక్షకాలు ఉండవచ్చు. అవి పలకపై ఉన్న కణ ప్రోటీన్లను పట్టుకొని, ఏ పాపమూ ఎరుగని గృహిణిని 'పాజిటివ్'గా చూపించిన సందర్భాలు ఉన్నాయి. తరువాత కృత్రిమంగా తయారుచేసిన శుద్ధ ప్రోటీన్లు రావడంతో ఈ దోషం చాలావరకు తగ్గింది. తగ్గింది గాని, ఏ పరీక్షలోనూ పొరపాటు సున్నా కాదు.

లక్షమందిలో ఎందరు?

ఆ కొద్దిపాటి పొరపాటు ఎంత పెద్దది కాగలదో లెక్క వేసి చూడవచ్చు. ఆరోగ్యవంతులలో నూటికి 99.5 మందిని సరిగా గుర్తించే పరీక్ష ఉన్నదనుకొందాం. ఇల్లినాయ్‌లో వలె పదివేల మందిలో సుమారు ఒకరికి వైరస్ ఉన్న సమాజంలో లక్షమందిని పరీక్షిస్తే, నిజంగా వైరస్ ఉన్నవారు 10 మంది. మిగిలిన 99,990 మందిలో అర శాతం, అంటే సుమారు 500 మంది, పొరపాటున పాజిటివ్‌గా తేలుతారు. మొదటి పరీక్షలో పాజిటివ్ వచ్చిన ప్రతి 51 మందిలో ఒక్కరికే నిజంగా వైరస్ ఉంటుంది. అదే పరీక్షను నూటికి పదిమందికి వైరస్ ఉన్న సమూహంలో చేస్తే, పాజిటివ్ వచ్చినవారిలో 95 శాతానికి పైగా నిజమైనవారే. పరీక్ష మారలేదు, పరీక్షకు నిలబడినవారు మారారు. ఈ సత్యం గణితానికి సంబంధించినది. శాసనసభలు ఓటుతో మార్చలేనిది.

అందుకే భిన్న సూత్రాలపై పనిచేసే రెండవ, మూడవ పరీక్షలతో నిర్ధారించిన తరువాతనే ఫలితం చెప్పాలన్న నియమం ఏర్పడింది. కాని ఆ నిర్ధారణ వచ్చేలోగా పెండ్లివారి ఇంట ఏమి జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. 'మొదటి పరీక్షలో ఏదో తేలిందట' అన్న మాట ఊరు దాటితే, 'ఏమీ లేదు' అన్న రెండవ కాగితం దానిని వెనక్కు తేలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో చర్చ

2006లో గోవా, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలలో కూడా వివాహపూర్వ పరీక్షను తప్పనిసరి చేయాలన్న ప్రతిపాదన వచ్చింది. దానిని తేలికగా తీసిపారవేయడం న్యాయం కాదు. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ళ వయసువారిలో 0.97 శాతం మందికి హెచ్.ఐ.వి. ఉన్నది. అది ఇల్లినాయ్ వధూవరులలో కనిపించిన దానికి సుమారు తొంభై రెట్లు. పైన చెప్పిన పరీక్షనే ఇక్కడ చేస్తే పాజిటివ్ వచ్చిన ముగ్గురిలో ఇద్దరికి నిజంగానే వైరస్ ఉంటుంది. భర్త తప్ప అన్యమెరుగని ఇల్లాండ్రు ఎందరో భర్తల నుండే ఈ వ్యాధిని పొందారు. తన బిడ్డను ఇచ్చే ముందు తెలుసుకోవాలనే తండ్రి ఆరాటంలో తప్పు లేదు.

అయినప్పటికీ నిర్బంధం వలన ఆ ఆరాటం తీరదు. వైరస్ ప్రవేశించిన తరువాత ప్రతిరక్షకాలు కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈ వ్యవధిని 'విండో పీరియడ్' అంటారు. వైరస్ జన్యు పదార్థాన్నే వెదకే నేటి పరీక్షలు దీనిని సుమారు పది రోజులకు తగ్గించినా, పూర్తిగా తొలగించలేదు. ముహూర్తం నాటి నెగటివ్ కాగితం పెండ్లి తరువాతి ప్రవర్తనకు హామీ కాదు. పైగా ధ్రువపత్రం తప్పనిసరి అయిన చోట అది డబ్బుకు దొరికే వస్తువుగా మారే ప్రమాదం ఉన్నది.

న్యాయస్థానాలూ ఈ విషయంలో తడబాటుకు అతీతం కాలేదు. హెచ్.ఐ.వి. ఉన్నవారి వివాహ హక్కు నిలిచిపోతుందన్నట్లు 1998లో భారత సుప్రీం కోర్టు ఒక తీర్పులో వ్యాఖ్యానించింది. ఆ కేసులో ఆ వ్యాఖ్యలు అవసరం లేనివని 2002లో అదే న్యాయస్థానం స్పష్టం చేసింది. 2017లో పార్లమెంటు చేసిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం, 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోకి వచ్చి, వ్యక్తి అంగీకారం లేనిదే పరీక్ష చేయరాదని నిర్దేశించింది. దానంగా వచ్చిన రక్తానికి మాత్రం పరీక్ష తప్పనిసరిగానే ఉన్నది. సీసాకూ మనిషికీ మధ్య ఉన్న తేడాను ఈ చట్టం గుర్తించింది.

సరిహద్దుల వద్ద

ప్రవాసాంధ్రులకు ఈ చర్చ పరాయిది కాదు. అమెరికా 1987 నుండి హెచ్.ఐ.వి. ఉన్నవారి ప్రవేశాన్ని నిషేధించింది. గ్రీన్‌కార్డు కోసం వైద్యపరీక్షకు వెళ్ళిన ప్రతి తెలుగు కుటుంబమూ ఆ పరీక్షను దాటే వచ్చింది. 2010 జనవరి 4న ఆ నిషేధం తొలగింది. గాలి ద్వారా సోకే క్షయవ్యాధికి పరీక్ష మాత్రం కొనసాగింది. పక్కన కూర్చున్నంత మాత్రాన సోకని వ్యాధినీ, దగ్గుతో వ్యాపించే వ్యాధినీ ఒకే గాటన కట్టరాదన్న శాస్త్రీయ దృష్టి ఇందులో ఉన్నది.

గల్ఫ్ దేశాలలో పరిస్థితి వేరు. నిజామాబాదు, కరీంనగరు, గోదావరి జిల్లాల నుండి అప్పులు చేసి వెళ్ళే కార్మికుడికి బయలుదేరే ముందు ఒకసారి, చేరిన తరువాత మరొకసారి పరీక్ష. హెచ్.ఐ.వి. ఉన్నట్లు అక్కడ తేలితే, చికిత్సకు బదులు తిరుగు ప్రయాణపు టికెట్టు లభిస్తుంది. ఆ అప్పు, ఆ వ్యాధి రెండూ అతని ఇంటికే చేరుతాయి.

చికిత్స వచ్చాక

1980వ దశకంలో పాజిటివ్ అన్న మాట మరణశిక్షతో సమానం. నేడు అలా కాదు. గర్భిణికి, శిశువుకు ఏ.జెడ్.టి. మందు ఇస్తే తల్లి నుండి బిడ్డకు సోకే అవకాశం 25.5 శాతం నుండి 8.3 శాతానికి తగ్గుతుందని 1994లో తేలింది. నేటి మందుల కలయికతో అది నూటికి ఒకటి, రెండుకు పడిపోయింది. త్వరగా చికిత్స ప్రారంభిస్తే జీవిత భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గుతుందని 2011లో ప్రకటించిన పరిశోధన నిరూపించింది. భారత ప్రభుత్వం 2004 ఏప్రిల్ నుండి ఈ మందులను ఉచితంగా ఇస్తున్నది. పరీక్షకు నిజమైన ప్రోత్సాహం ఇదే. గర్భిణులందరికీ సాధారణ పరీక్షలతో పాటు దీనినీ చేసి, వద్దన్నవారిని విడిచిపెట్టే పద్ధతిని అమెరికా ఆరోగ్యశాఖ 2006లో సిఫారసు చేసింది. మేలు కలుగుతుందని తెలిసినప్పుడు వద్దనేవారు అరుదు.

కనుక ఏ తప్పనిసరి పరీక్షనైనా మూడు ప్రశ్నలతో తూచవచ్చు. వ్యాధి ఏ మార్గంలో సోకుతుంది? పరీక్షించబోయే సమూహంలో ఆ ఫలితాన్ని ఎంతవరకు నమ్మవచ్చు? పాజిటివ్ అని తేలినవానికి ఏమి ఇవ్వబోతున్నారు: మందా, వెలివేతా? రక్తనిధి పరీక్ష ఈ మూడింటికీ నిలుస్తుంది. ఇల్లినాయ్ చట్టం నిలువలేకపోయింది. రేపు మరొక కొత్త వ్యాధి వచ్చి, మరొక కొత్త పరీక్షను తప్పనిసరి చేయాలన్న కేక వినిపించినప్పుడు, ముందుగా ఈ మూడు ప్రశ్నలు అడగడం ప్రతి విద్యావంతుని బాధ్యత.