సంచారంలో సంధానం: సెల్‌ఫోన్ అప్పగింత, పునస్సంధాన ప్రక్రియలు - వివరణ

వ్యాససంగ్రహం:
ప్రయాణంలో ఉన్న సెల్‌ఫోన్ ఒక టవరు పరిధి నుండి మరొక టవరు పరిధికి మారే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. ‘సిగ్నల్ పోయింది, మళ్ళీ వచ్చింది’ అనే వాడుక వెనుక మూడు వేర్వేరు ప్రక్రియలున్నాయని, వాటిలో రెండవది ఆలస్యమైనప్పుడే మూడవది అవసరమవుతుందని చూపడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: సెల్, ఎంపిక, అప్పగింత, పునస్సంధానం, మర్కటకిశోర న్యాయం, మార్జాలకిశోర న్యాయం.

1. ప్రవేశిక:
2005 ఆగస్టు 15న హైదరాబాదు కేంద్రంగా ప్రారంభమైన 108 సేవలో, అంబులెన్సు సిబ్బంది రోగిని తరలిస్తూనే ఫోనులో వైద్యుని సలహా తీసుకొనే ఏర్పాటు ఉంది. మారేడుమిల్లి - చింతూరు ఘాట్‌రోడ్డు వంటి దారిలో ఆ సంభాషణ ఒక మలుపు దగ్గర తెగిపోతే, అక్కడ టవరు లేదని సామాన్యంగా భావిస్తారు. చాలాచోట్ల అది నిజమే కావచ్చు. కాని టవరు ఉండి కూడా మాట తెగవచ్చు. మలుపు అవతలి టవరు సంకేతం బలంగానే అందుతున్నా, దానికి మారవలసిన క్షణం దాటిపోతే ఫలితం అదే. మొదటిది టవరు కొరత, రెండవది నిర్ణయంలోని ఆలస్యం. వీటికి మందు ఒకటి కాదు.

2. గడులుగా మారిన నేల:
నగరమంతటికీ ఒకే శక్తిమంతమైన ప్రసారకేంద్రం ఉంటే, ఒక పౌనఃపున్యం మీద ఒకరు మాత్రమే మాట్లాడగలరు. నేలను చిన్నచిన్న గడులుగా విభజించి, దూరపు గడులలో అవే పౌనఃపున్యాలను తిరిగి వాడవచ్చునన్న ఆలోచనను 1947 డిసెంబరులో బెల్ లేబొరేటరీస్‌కు చెందిన డి.హెచ్. రింగ్ ఒక అంతర్గత పత్రంలో ప్రతిపాదించారు. ఆ గడియే సెల్. గడి చిన్నదైనకొద్దీ ఎక్కువమందికి చోటు దొరుకుతుంది, ప్రయాణికుడు గడి దాటడమూ ఎక్కువవుతుంది. మాట తెగకుండా గడి దాటించే పద్ధతికి 1972లో ఆమస్ జోయెల్ పేటెంటు పొందారు. 1983 అక్టోబరు 13న షికాగోలో అమెరికా తొలి వాణిజ్య సెల్యులార్ సేవ మొదలైంది.

హ్యాండోవర్ అనే ఈ ప్రక్రియను తెలుగులో ‘బదిలీ’ అనవచ్చు గాని, ‘అప్పగింత’ అన్న మాట మరింత తగినది. పెండ్లి అప్పగింతలలో వలె ఇక్కడ కూడా ఇచ్చేవారు, పుచ్చుకొనేవారు ముందుగా ఒప్పుకొని ఉండాలి.

3. రెండు న్యాయాలు:
విశిష్టాద్వైత సంప్రదాయంలో శరణాగతిని వివరించడానికి రెండు న్యాయాలు చెబుతారు. కోతిపిల్ల తానే తల్లిని పట్టుకొని ఉంటుంది. పిల్లికూనను తల్లే నోట కరచుకొని మోస్తుంది. సెల్‌ఫోన్ నడవడిలో ఈ రెండూ కనిపిస్తాయి.

మాట్లాడని వేళ ఫోనుది మర్కటకిశోర న్యాయం. చుట్టుపక్కల సెల్‌ల బలాన్ని అప్పుడప్పుడు కొలిచి, మెరుగైనదాన్ని తానే ఎంచుకొంటుంది. ప్రతి మార్పునూ నెట్‌వర్కుకు చెప్పదు. అనేక సెల్‌లను కలిపి ఏర్పరచిన ప్రాంతపు ఎల్లను దాటినప్పుడు, లేదా నిర్ణీత గడువు తీరినప్పుడు మాత్రమే కబురు పంపుతుంది. అందువల్ల ఎవరైనా ఫోన్ చేస్తే నెట్‌వర్కు ఆ ప్రాంతంలో దండోరా వేసినట్లు పిలిచి వెదకవలసి వస్తుంది.

మాట్లాడే వేళ వర్తించేది మార్జాలకిశోర న్యాయం. ఫోను కొలుస్తుంది, నిర్ణయించేది నెట్‌వర్కు. జీఎస్ఎమ్ పద్ధతిలో ఫోను సుమారు ప్రతి 480 మిల్లీసెకన్లకు ఒకసారి, అత్యంత బలమైన ఆరు పొరుగు సెల్‌ల వరకు వివరాలను నివేదిస్తుంది. 4జీలో సాధారణంగా ఒక షరతు నెరవేరినప్పుడే నివేదిక వెళుతుంది. పొరుగు సెల్ ఇప్పటి సెల్ కంటే, ఉదాహరణకు, 3 డెసిబెల్స్ అధికంగా, అంటే దాదాపు రెట్టింపు శక్తితో అందాలి. ఆ ఆధిక్యం 320 మిల్లీసెకన్ల వంటి నిర్ణీత వ్యవధిపాటు నిలవాలి. ఈ జాగ్రత్త లేకపోతే సరిహద్దులో ఉన్న ఫోను రెండు సెల్‌ల నడుమ బంతిలా అటూ ఇటూ ఎగురుతూనే ఉంటుంది.

4. బలహీనపడే బంధం మీదుగా ఆజ్ఞ:
అసలు చిక్కు ఇక్కడే ఉంది. నివేదిక అందిన పాత టవరు కొత్త టవరును అడుగుతుంది. అది ఫోనుకు చోటు సిద్ధం చేసి సమ్మతి తెలుపుతుంది. ‘మారు’ అన్న ఆజ్ఞ మాత్రం పాత టవరు నుండే, అప్పటికే క్షీణిస్తున్న బంధం మీదుగానే ఫోనుకు చేరాలి. గంటకు 108 కిలోమీటర్ల వేగంతో పోయే రైలు 320 మిల్లీసెకన్లలో సుమారు పది మీటర్లు సాగుతుంది. మైదానంలో ఆ పది మీటర్లలో సంకేతం సాధారణంగా అంతగా మారదు కనుక ఆజ్ఞ అందుతుంది. ఘాట్‌రోడ్డులో వాహనం వేగం అందులో మూడోవంతే కావచ్చు. అయినా కొండ అడ్డువచ్చిన కొద్ది మీటర్లలోనే పాత సంకేతం 20 డెసిబెల్స్ తగ్గిందంటే, మిగిలేది నూరోవంతు. ఆజ్ఞ బయలుదేరినా ఫోనుకు వినిపించదు. కాబట్టి వేగం కంటే నేల తీరే ఇక్కడ ప్రధాన కారణం. నిరీక్షణ వ్యవధిని తగ్గిస్తే ఘాట్‌లో మేలు కలుగుతుంది. అదే మార్పును నగరంలో చేస్తే బంతాట పెరుగుతుంది. ఒకే కొలత అన్ని నేలలకూ పనికిరాదు.

సీడీఎమ్ఏ, 3జీ పద్ధతులలో ఫోను ఒకేసారి రెండు మూడు టవర్లను పట్టుకొని ఉండగలిగేది. కొత్త కొమ్మ చిక్కాకే పాతది వదలడం దాని రీతి. 4జీలో ఆ సౌకర్యాన్ని విడిచిపెట్టారు. నిర్మాణం సులువైంది గాని, ఆజ్ఞ అందకపోవడమన్న ప్రమాదానికి విలువ పెరిగింది.

5. పునస్సంధానం:
ఆజ్ఞ అందని ఫోను కొంతసేపు పాత బంధం కోలుకొంటుందేమోనని ఎదురుచూస్తుంది. ఈ గడువు తరచుగా సెకను లోపు, గరిష్ఠంగా రెండు సెకన్లు. అది తీరాక బంధం తెగిందని నిర్ధారించుకొని, మళ్ళీ కోతిపిల్లలా తానే తగిన సెల్‌ను వెదుకుతుంది. దొరికిన సెల్‌కు మూడు ఆనవాళ్ళు చూపుతుంది: పాత సెల్ సంఖ్య, అక్కడ తనకిచ్చిన తాత్కాలిక సంఖ్య, రహస్యకీలకంతో లెక్కించిన ఒక చిన్న సంకేతం. ఆ సెల్ వద్ద ఫోను వివరాలు ముందే ఉంటే సంభాషణ కొద్ది విరామంతో కొనసాగుతుంది. లేకపోతే, తొలినాటి 4జీ ప్రమాణం ప్రకారం అభ్యర్థన తిరస్కరణకు గురై, ఫోను మొదటినుండి ప్రవేశం కోరాలి. తరువాతి ప్రమాణాలలో కొత్త టవరు ఆ వివరాలను పాత టవరును అడిగి తెప్పించుకోగలదు.

2020లో పూర్తయిన 3జీపీపీ 16వ విడుదల ‘షరతుతో కూడిన అప్పగింత’ను ప్రవేశపెట్టింది. బంధం బలంగా ఉండగానే నెట్‌వర్కు ఒకటి రెండు పొరుగు సెల్‌లను సిద్ధం చేసి, ‘ఈ షరతు నెరవేరితే మారు’ అని ముందే చెప్పి ఉంచుతుంది. మలుపు వచ్చాక పాత టవరు మాట వినవలసిన అవసరం ఉండదు. ఫోను తానే మారుతుంది. పిల్లి చోటు చూపింది, దూకింది మాత్రం కూనే. ఇందుకు మూల్యం లేకపోలేదు. రాకపోవచ్చునన్న అతిథి కోసం పొరుగు సెల్‌లు చోటు ఖాళీగా ఉంచాలి. పైగా ఇదంతా మలుపు అవతల ఏదో ఒక సెల్ ఉన్నప్పుడు పనికివచ్చే ఏర్పాటు. ఏ సెల్ లేని లోయలో అంబులెన్సులోని ఫోను వెదుకుతూనే ఉంటుంది, ఆ వెదుకులాటలో బ్యాటరీ కూడా త్వరగా తరుగుతుంది.