తాళం వేసిన భవనం ఎంతకాలం నిలుస్తుంది?

మనిషి అలికిడి లేని ఇల్లు త్వరగా పాడుబడుతుందని మన పెద్దలు చెబుతుంటారు. ఇది ఉత్త నమ్మకం కాదు. ఇంట్లో మనుషులుంటే మిద్దె మీద ఆకులూ చెత్తా ఊడుస్తారు. తూము పూడితే ఆ రోజే తీస్తారు. గోడలో రావి మొక్క మొలిస్తే వేలెడంత ఉన్నప్పుడే పీకేస్తారు. తాళం పడిన ఇంట్లో ఈ మూడూ జరగవు. వాన నీరు మిద్దె మీద నిలిచి గోడలోకి దిగుతుంది. ఆ తడికి రావి వేరు బలుస్తుంది. రెండు వందల ఏళ్ళు నిలిచిన కమాను పది పదిహేనేళ్ళలో బీటలువారుతుంది.

మన పూర్వీకులు వదిలి వెళ్ళిన మసీదులు, మహళ్ళు, దేవిడీలు, ఆస్పత్రుల విషయంలో నేడు మన ముందున్న సమస్య ఇదే. పాతదాన్ని పడగొట్టి కొత్తది కట్టుకోవాలని కొందరంటారు. ముట్టుకోకుండా తాళం వేసి కాపాడాలని మరికొందరంటారు. మొదటి మార్గంలో కట్టడం ఒక్క రోజులో పోతుంది. రెండో మార్గంలో మెల్లమెల్లగా పోతుంది. మరమ్మతు చేసి, ఆ కట్టడం మోయగలిగిన పనికే దాన్ని వాడుకోవడం మూడో మార్గం. హైదరాబాద్ నగరంలో గత పాతికేళ్ళలో ఈ మూడూ జరిగాయి. వాటిని పరిశీలిస్తే మన ఊళ్ళలోని పాత కట్టడాలకు కూడా పనికివచ్చే పాఠాలు దొరుకుతాయి.

వాడుకలోనే ఆయుష్షు

చార్మినార్‌కు కొద్ది దూరంలో ఉన్న బాద్షాహీ ఆషూర్‌ఖానాను మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1590లలో కట్టించారు. లోపలి గోడల మీద రంగురంగుల పెంకు పని 1611 నాటికి పూర్తయింది. 1908లో మూసీ వరద లోపలికి చేరి గోడల కింది భాగంలోని పెంకులను పాడుచేసింది. తరువాత ఆ చోట్ల అదే నమూనాలో రంగులు వేశారు. దగ్గరికి వెళ్ళి చూస్తే ఏది పెంకో, ఏది రంగో తెలిసిపోతుంది. అయినా నేటికీ ఆ కట్టడం ఏ పని కోసం కట్టారో ఆ పనికే ఉంది. మొహర్రం వచ్చిందంటే అక్కడ అలంలు నిలబడతాయి. ఆదోనిలో సిద్దీ మసూద్ ఖాన్ 17వ శతాబ్దంలో కట్టించిన షాహీ జామియా మసీదులో నేటికీ నమాజు జరుగుతోంది.

దీనికి భిన్నమైన కథ దారుల్‌షిఫాది. సుమారు 1595లో కులీ కుతుబ్‌షాయే కట్టించిన యూనానీ ఆస్పత్రి అది. మధ్యలో విశాలమైన ఆవరణ, చుట్టూ రెండంతస్తుల గదులు. అక్కడ వైద్యం చేయడమే కాక వైద్య విద్య కూడా నేర్పేవారు. కాలక్రమంలో వైద్యం ఆగిపోయింది. దాని స్థానంలో మరో తగిన పని రాలేదు. ఆవరణలోని అలావా మొహర్రంలో జనంతో నిండిపోతుంది గాని, పాత ఆస్పత్రి గదులు శిథిలమవుతూ వచ్చాయి. పని ఉన్న భాగం బతికింది, పని లేని భాగం కుంగింది.

మార్కెట్టు మార్కెట్టుగానే

అబిడ్స్ దగ్గరి మొఅజ్జం జాహీ మార్కెట్‌ను ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, 1935లో, ఆయన రెండో కుమారుడి పేర కట్టారు. పూర్తిగా రాతి కట్టడం. మూల మీద గడియార స్తంభం, రెండు పక్కలా బారులు తీరిన దుకాణాలు. ఒకప్పుడు నగరానికంతటికీ పండ్లు ఇక్కడి నుంచే వెళ్ళేవి. 1980లలో పండ్ల వ్యాపారం గడ్డిఅన్నారానికి తరలిపోయాక మార్కెట్ కళ తప్పింది. రేకులు, బోర్డులు, వేలాడే తీగలు రాతి కమానులను కప్పేశాయి.

2018లో మొదలైన మరమ్మతులు పూర్తయి, 2020 ఆగస్టులో మార్కెట్ మళ్ళీ తెరుచుకుంది. తరువాత దాన్ని ఏ మ్యూజియంగానో మార్చలేదు. దుకాణాలు దుకాణాలుగానే ఉన్నాయి. ఐస్‌క్రీమ్ తినడానికి వచ్చే కుటుంబాలు ఇప్పటికీ వస్తున్నాయి. అంటే వారసత్వాన్ని కాపాడటం కోసం అక్కడ పొట్టపోసుకునే వారిని వెళ్ళగొట్టాల్సిన అవసరం లేదన్నమాట. అద్దె కట్టే దుకాణదారుడే ఆ భవనానికి మొదటి కాపలాదారు. కప్పు కారితే అందరికంటే ముందు తెలిసేది అతనికే కదా!

రెసిడెన్సీలో ఆడపిల్లల చదువు

కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ కథ మరింత ఆసక్తికరం. నిజాం దర్బారులో ఆంగ్లేయుల ప్రతినిధిగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1803లో దీని నిర్మాణం మొదలుపెట్టించాడు. ఆయన హైదరాబాదీ ఉన్నత కుటుంబానికి చెందిన ఖైరున్నిసాను వివాహమాడాడు. పరదా పాటించే ఆమె ముందు వైపునకు రాలేదు కాబట్టి, భవనమంతా చూసేందుకు వీలుగా జనానా తోటలో దాని చిన్న నమూనా కట్టించాడని చెబుతారు. ఆమె నివసించిన రంగ్‌మహల్ 19వ శతాబ్దంలోనే నేలమట్టమైంది గాని, ఆ నమూనా మిగిలింది.

పరాయి పాలకుల అధికారానికి గుర్తుగా నిలిచిన ఆ భవనంలోకి 1949లో మహిళా కళాశాల వచ్చింది. అక్కడ చదువుకున్న అమ్మాయిలలో మన కుటుంబాల ఆడపిల్లలూ ఉన్నారు. కాని అన్నేళ్ళ తరగతుల భారాన్ని మోసిన భవనానికి తగిన మరమ్మతులు జరగలేదు. కప్పులు బలహీనపడి, చివరికి తరగతులను ప్రధాన భవనం నుంచి తరలించాల్సి వచ్చింది. ప్రపంచ కట్టడాల నిధి సంస్థ దీన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. ఏళ్ళ తరబడి సాగిన పునరుద్ధరణ తరువాత 2023 జనవరిలో భవనం మళ్ళీ తెరుచుకుంది. కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయంగా ఎదిగింది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు.

వాడుక ఉంటే చాలదు, వాడుకతోపాటు సంరక్షణ కూడా ఉండాలన్నది ఇక్కడి పాఠం. రోజూ వందలమంది నడిచే చెక్క మెట్లకూ, బరువు మోసే దూలాలకూ ఏటా పరీక్ష జరగాలి. లేకపోతే వాడుకే కట్టడాన్ని అరగదీస్తుంది.

మహల్ తలుపులు ఎవరి కోసం?

పాతబస్తీలోని చౌమహల్లా 18వ శతాబ్దంలో మొదలై 19వ శతాబ్దంలో పూర్తయింది. అఫ్జల్, మహతాబ్, తహనియత్, ఆఫ్తాబ్ అన్న నాలుగు మహళ్ళ వల్లనే దానికి ఆ పేరు. ఒకప్పటి విస్తీర్ణంలో కొంత భాగమే నేడు మిగిలింది. చాలాకాలం మూతపడి ఉన్న ఈ ప్రాంగణాన్ని యువరాణి ఎస్రా చొరవతో, వాస్తుశిల్పి రాహుల్ మెహరోత్రా ఆధ్వర్యంలో బాగుచేయించి 2005లో ప్రజలకు తెరిచారు. 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ అవార్డు లభించింది. నేడు టికెట్టు కొన్న ఏ సామాన్యుడైనా, ఒకనాడు అమీర్లు చేతులు కట్టుకుని నిలబడిన ఖిల్వత్ దర్బారులో తిరగవచ్చు.

కొండ మీది ఫలక్‌నుమా మరో దారి పట్టింది. వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టి కట్టించిన ఈ మహల్ 2010లో పెద్ద హోటల్‌గా మారింది. భవనం చక్కగా ఉంది, అనుమానం లేదు. హోటలు రాబడి లేకపోతే అంత పెద్ద మహల్‌ను నిలబెట్టడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. కాని కొండ కింద బస్తీలో పుట్టి పెరిగిన పిల్లవాడు ఆ గేటు దాటి లోపలికి వెళ్ళగలడా? వారసత్వం నిలిచింది గాని వారసులు బయట ఉండిపోయారు. అందుకే ఏ కట్టడాన్ని ఏ పనికి ఇవ్వాలో నిర్ణయించేటప్పుడు, ఏడాదిలో కొన్ని రోజులైనా చుట్టుపక్కల బడిపిల్లలకు తలుపులు తెరవాలన్న షరతు ఒప్పందంలో ఉంటే బాగుంటుంది.

సిమెంటు చేసే చేటు

పాత గోడలు డంగు సున్నంతో కట్టినవి. సున్నాన్ని గానుగలో రుబ్బి, అందులో బెల్లం, మారేడు గుజ్జు, మినప్పిండి, జనపనార వంటివి కలిపేవారు. ఇలాంటి గోడ తడిని పీల్చుకుంటుంది, ఎండ కాయగానే వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే తడి బయటికి రాలేక లోపలే ఉండిపోతుంది. లోపలి సున్నం మెత్తబడి రాలిపోతుంది. పైకి గోడ నున్నగా మెరుస్తూనే ఉంటుంది, లోపల డొల్ల అవుతుంది. చాలామంది మేలు చేస్తున్నామనుకుని చేసే కీడు ఇదే.

కుతుబ్‌షాహీ సమాధుల వద్ద 2013లో ఆగాఖాన్ సంస్థ చేపట్టిన పనిలో పెద్ద భాగం, గత శతాబ్దంలో పూసిన సిమెంటును తొలగించి మళ్ళీ సున్నం వేయడమే. అక్కడి బడీ బావోలీ గోడ 2013 వానలకు కూలింది. ఆ రాళ్ళనే వెలికితీసి మళ్ళీ పేర్చారు. ఇప్పుడు ఆ బావుల్లో వాన నీరు చేరుతోంది, ఆ నీరే తోటలకు పారుతోంది. 2022లో ఈ మెట్ల బావుల పునరుద్ధరణకు యునెస్కో అవార్డు వచ్చింది. పాత బావికి నీళ్ళు పట్టడం కంటే మంచి కొత్త పని ఏముంటుంది?

ఉస్మానియా ముందున్న పరీక్ష

1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి కొట్టుకుపోయింది. ఆ తరువాత అదే నదీతీరంలో విన్సెంట్ ఎష్ రూపకల్పనలో, గుమ్మటాలతో ఉస్మానియా ఆస్పత్రి లేచింది. మతం, కులం, జిల్లా ఏదని అడగకుండా తరతరాల పేదలకు అది వైద్యం చేసింది. 2020 జులైలో కురిసిన వానలకు మురుగు నీరు వార్డుల్లోకి చేరడంతో పాత భవనాన్ని ఖాళీ చేయించారు. 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఆస్పత్రికి శంకుస్థాపన జరిగింది.

రోగులకు కొత్త భవనం కావలసిందే. శస్త్రచికిత్స గదులకు, యంత్రాలకు, పెరిగిన రద్దీకి పాత వార్డులు చాలవు. కాని పాత భవనం తాళంతోనే మిగిలితే ఏమవుతుందో మొదటే చెప్పుకున్నాం. రోగులతో పాటు జిల్లాల నుంచి వచ్చే బంధువులు నగరంలో ఫుట్‌పాత్‌ల మీద పడుకోవడం మనం చూస్తూనే ఉన్నాం. నిపుణులు పరీక్షించి గట్టిపరచిన తరువాత ఆ భవనంలో కొంత భాగాన్ని వారికోసం ముసాఫిర్‌ఖానాగా మార్చవచ్చు. నర్సింగ్ తరగతులకు, వైద్య చరిత్ర ప్రదర్శనకు, గ్రంథాలయానికి మరికొంత భాగం ఇవ్వవచ్చు. రోగిని మోసిన భవనం రోగి తల్లికి నీడనిస్తే, ఆ కట్టడం అసలు ఉద్దేశానికి భంగం కలగదు.

పోరాడితే కట్టడాలు నిలుస్తాయనడానికి ఇర్రం మంజిల్ నిదర్శనం. ఆ గుట్టను స్థానికులు తెలుగులో ఎర్రగడ్డ అనేవారని, అందుకే నవాబు ఫఖ్రుల్ ముల్క్ స్వర్గమనే అర్థం వచ్చే 'ఇర్రం' పేరు పెట్టారని చెబుతారు. తెలుగూ ఫారసీ ఒకే పేరులో కలిసిన ఆ మహల్‌ను కూల్చి కొత్త శాసనసభ కట్టాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేసింది. కూల్చివేత ఆగింది. ఇక తగిన పని అప్పగించడమే మిగిలింది.

మన మసీదులు, మన ఇళ్ళు

ప్రభుత్వం చేయాల్సింది ప్రభుత్వం చేయాలి. మరి మన చేతిలో ఉన్నవాటి మాటేమిటి? జుమా నాడు జనం పెరిగారని పాత మసీదును నేలమట్టం చేసి కాంక్రీటు అంతస్తులు లేపిన ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. పక్కన స్థలం ఉంటే కొత్త హాలు అక్కడ కట్టి, పాత భాగాన్ని అలాగే ఉంచవచ్చు. వుజూ ఖానా, మరుగుదొడ్లు పాత గోడకు ఆనించకుండా విడిగా కట్టాలి. కరెంటు తీగల కోసం గచ్చు చెక్కకుండా పైపుల్లో బయటినుంచి తీసుకెళ్ళాలి. శిలాశాసనం మీద రంగు పూయకూడదు. టైల్స్ అతికించే ముందు సున్నం పని తెలిసిన మేస్త్రీని ఒక్కసారి పిలిచి అడగాలి. పని మొదలుపెట్టే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీసి కమిటీ రికార్డుల్లో ఉంచాలి. వక్ఫ్ చేసిన పెద్దమనిషి ఉద్దేశాన్ని నిలపడం ముతవల్లీల బాధ్యతే కదా!

ఇక దేవిడీలు. తాత కట్టించిన ఇంటికి ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు, వారి పిల్లలు వారసులు. పంపకం కుదరక బిల్డరుకు ఇచ్చేస్తారు. వారి అవసరాన్ని తప్పుపట్టలేం. మరమ్మతుకు డబ్బు కావాలి, సున్నం పని తెలిసిన మేస్త్రీలు దొరకడమూ కష్టమే. కాని అమ్మకమే దారి కాదు. బడికో, దవాఖానాకో, కుట్టు శిక్షణకో దీర్ఘకాలం అద్దెకిచ్చి, వచ్చే అద్దెను వాటాల ప్రకారం పంచుకోవచ్చు. మరమ్మతు ఖర్చును అద్దెలో మినహాయించుకునే ఒప్పందం కూడా రాసుకోవచ్చు. వాటా అందుతుంది, ఇల్లూ మిగులుతుంది.

ఈ వానాకాలం రాకముందే మన మహల్లాలోని పాత మసీదు మిద్దె మీదికి ఒకసారి ఎక్కి చూద్దాం. తూములు పూడాయా? కమాను మీద రావి మొక్క మొలిచిందా? దాన్ని పీకడానికి యునెస్కో రానక్కరలేదు. ఒక నిచ్చెన, ఇద్దరు యువకులు చాలు.