చలి పట్టని ఏడు గుంటనక్క బొరియ కదపొద్దు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన పెద్దల మాట. ఈ మధ్య కొన్ని ఏళ్లు చూస్తే చలి శివరాత్రి దాకా కూడా ఆగడం లేదు. భోగిమంట ఆరిన నాలుగు రోజులకే దుప్పటి మడిచి పెట్టెలో పెట్టేస్తున్నాం. 2022 డిసెంబరు, 2023 ఫిబ్రవరి నెలలు మీకు గుర్తుండే ఉంటాయి. పగటి ఎండ సగటు లెక్కన, 1901 నుంచి చూసుకుంటే, దేశం మొత్తం మీద అంత వేడి డిసెంబరు, అంత వేడి ఫిబ్రవరి అంతకుముందు లేవని వాతావరణ శాఖ తేల్చింది. ఆ ఫిబ్రవరి సగటు 29.54 డిగ్రీలు.

చలి పట్టకపోతే పప్పుశనగ ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. మంచు పదును ఉండదు. పైరు తొందరపడి ఎండిపోతుంది. గింజ ఊరదు. మబ్బు కూడా తోడైతే పచ్చపురుగు పైబడుతుంది. ఇదంతా చేను లోపలి సంగతి. చేను గట్టు మీద ఏం జరుగుతుందో మాత్రం మనం పట్టించుకోం. ఈ వారం ఆ గట్టు సంగతి మాట్లాడుకుందాం.

ఏది నక్క, ఏది గుంటనక్క?

మనం రెండింటినీ నక్క అనే అంటాం. సందె చీకట్లో గుంపుగా ఊళ పెట్టేది నక్క. అది ఎనిమిది, పది కిలోల దాకా తూగుతుంది. గుంటనక్క దానికన్నా చాలా చిన్నది. రెండు మూడు కిలోలకు మించదు, అంటే మీ ఇంటి పిల్లికి కాస్త అన్నలాంటిది. కాళ్లు సన్నం, మూతి కోసు, చెవులు పెద్దవి. తోక కుచ్చులాగా ఉండి, కొసన నలుపు ఉంటుంది. ఈ నలుపు చూసి గుర్తు పట్టొచ్చు.

దట్టమైన అడవి దీనికి పనికిరాదు. గడ్డిబీళ్లు, మెట్టచేలు, ముళ్లపొదలున్న దిబ్బలు కావాలి. అంటే మన కర్నూలు, నంద్యాల, అనంతపురం మెట్టలే దానికి ఇల్లు. నందికొట్కూరు దగ్గరి రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. అక్కడి గడ్డి మైదానంలో కృష్ణజింకలతో పాటు ఈ గుంటనక్కలూ ఉంటాయి. కానీ అది ఆరు చదరపు కిలోమీటర్లకు కొంచెం పైన, అంతే. మిగతా గుంటనక్కలన్నీ మీ చేల మధ్య, మీ గట్ల మీదే బతకాలి.

అది తినేదేమిటి? ఎలుకలు, మిడతలు, పెంకుపురుగులు, చెదలు, తొండలు, ఎండ్రకాయలు, నేల మీద పెట్టే పిట్టల గుడ్లు. కాలాన్ని బట్టి రేగుపళ్లు, వేపపళ్లు. ఈ జాబితాలో మీకు పనికొచ్చేవి ఎన్ని, మీ పంటకు చేటు చేసేవి ఎన్ని? మీరే లెక్క వేసుకోండి.

చలి తగ్గితే దానికేం బాధ?

చలి తగ్గితే జంతువులకు మంచిదే కదా అనిపిస్తుంది. అసలు చిక్కు చలితో కాదు, మన పనులతో.

గుంటనక్క డిసెంబరు, జనవరిలో జత కడుతుంది. యాభై రోజులకు పైన మోసి, ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో ఈనుతుంది. రెండు నుంచి నాలుగు పిల్లలు. ఆడదీ మగదీ రెండూ కలిసి పిల్లల్ని సాకుతాయి. పిల్లలు గట్టిపడి తల్లి వెంట తిరిగే దాకా ఆ బొరియే వాటికి దిక్కు.

ఇప్పుడు మన పనులు చూడండి. చలి బాగా ఉన్న ఏడు శనగ నిదానంగా పండుతుంది. కోత, నూర్పిడి అయి, భూమి దున్నే సరికి పొద్దు గడుస్తుంది. చలి పట్టని ఏడు అన్నీ ముందుకు జరుగుతాయి. కోత ముందే, ట్రాక్టరు ముందే, గట్లు చెక్కడం ముందే, పొట్టుకు నిప్పు పెట్టడం ముందే. కుంటల్లో నీళ్లు కూడా ముందే అడుగంటుతాయి. సరిగ్గా బొరియలో పిల్లలు కళ్లు తెరవని రోజుల్లో ఇవన్నీ దాని నెత్తిన పడతాయి. పైరు పోయి దాపు లేదు, దగ్గర్లో నీళ్లు లేవు, పిల్లల్ని నోట కరుచుకుని పోదామంటే ఇంకో గట్టు మిగల్లేదు.

నేను చేసిన తప్పు

ఇది మీకు నీతులు చెప్పడానికి రాయడం లేదు. నాకూ రెండున్నర ఎకరాల రేగడి ఉంది. పేపరుకు రాసుకుంటూనే సేద్యం చేస్తున్నా. 2023 ఫిబ్రవరిలో మా శనగ అనుకున్నదానికన్నా ముందే ఎండిపోయింది. కోత కాగానే ట్రాక్టరు పిలిచా. చేను తూర్పున రేగుచెట్టు కింద ఒక దిబ్బ ఉండేది, దానికి నాలుగైదు బొక్కలు. మా నాయన బతికున్నన్నాళ్లూ ఆ దిబ్బ మీద మడక పెట్టనివ్వలేదు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

"బ్లేడు కట్టి చదును చేస్తే నాలుగు సాళ్లు కలిసొస్తాయన్నా" అన్నాడు డ్రైవరు. సరే అన్నా. పావుగంట పని.

ఆ సాయంత్రం గొర్రు పళ్లకు పట్టిన మట్టి దులుపుతుంటే గుంటనక్క కనిపించింది. మనిషిని చూస్తే పరుగెత్తే జీవం, ఇరవై అడుగుల దూరంలో నిలబడింది. దిబ్బ ఉన్న చోట వాసన చూస్తూ తిరిగింది, ముందుకాళ్లతో గీరింది. పొద్దు మునిగే దాకా నేనూ అక్కడే ఉన్నా. పార తెచ్చి తవ్వుదామని ఒక్క మాటు అనిపించింది. బ్లేడు ఎంత లోతు పోయిందో నాకు తెలుసు గనుక తవ్వలేదు. రెండో రోజు సాయంత్రమూ వచ్చింది. మూడో రోజు నేను చేనుకు పోలేదు.

మరుసటి రబీలో నా చేను గట్ల మీద ఎలుక బొరియలు లెక్క పెట్టలేకపోయా. ఒక్క గుంటనక్క పోయినందుకే ఎలుకలు పెరిగాయని నేను ఒట్టేసి చెప్పలేను. ఎలుకలు పెరగడానికి సవాలక్ష కారణాలు. కానీ రాత్రంతా జీతం లేకుండా కాపలా తిరిగే జంటను నా చేతులతో నేనే వెళ్లగొట్టుకున్నానన్నది నిజం. ఆ నాలుగు సాళ్లలో నాకు పండింది తట్టెడు శనగలు కూడా లేవు.

బొరియ ఎవరిదో గుర్తు పట్టండి

ట్రాక్టరు పిలిచే ముందు రోజు గట్ల వెంట ఒక్క చుట్టు తిరగండి. ఎలుక బొరియ మూతి పిడికిలి పట్టేంత ఉంటుంది. గుంటనక్క బొరియ మూతి జానెడు వెడల్పు, దాని చుట్టుపక్కల మరికొన్ని మూతులు. ముందు కొత్త మన్ను పోసి ఉంటుంది. కుక్కపిల్ల అడుగుల్లాంటి గుర్తులు, ఈకలు, ఎముక ముక్కలు కనిపిస్తే అందులో కాపురం ఉన్నట్టే. అక్కడ ఒక కొమ్మ పాతి గుడ్డపీలిక కట్టి, డ్రైవరుకు ముందే చెప్పండి. చుట్టూ పది అడుగులు వదిలేస్తే చాలు. అదీ ఎన్నాళ్లు? మే నెలాఖరు దాకా. ముంగారు దుక్కి నాటికి పిల్లలు బయటపడతాయి. బొరియ దగ్గర పొట్టు తగలబెట్టొద్దు. పొగకు లోపలివి ఊపిరాడక చస్తాయి. చూద్దామని పిల్లలు కర్రలు పెట్టి పొడవకుండా చూడండి.

ఎలుక మందు పెట్టేటప్పుడు

ఎలుకలకు మందు పెట్టొద్దని నేననను. పెట్టే పద్ధతిలో పెట్టండి అంటున్నా. బ్రోమాడయోలోన్ లాంటి మందు తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు తూలుతూ తిరుగుతుంది. అలాంటి ఎలుక గుంటనక్కకో, గుడ్లగూబకో సులువుగా దొరుకుతుంది. ఎలుకలోని విషం దానికీ ఎక్కుతుంది. నాలుగు ఎలుకలు చంపి, నాలుగు వందలు పట్టేదాన్ని చంపుకుంటే ఏం లాభం?

అందుకే ఇలా చేయండి. ముందు రోజు సాయంత్రం గట్టు మీది ఎలుక బొరియలన్నీ మట్టితో మూయండి. తెల్లారి ఏవి తెరుచుకున్నాయో వాటిలోనే ఎలుకలున్నట్టు. నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, 0.25 శాతం బ్రోమాడయోలోన్ మందు 2 పాళ్లు కలిపి, 15 గ్రాముల చొప్పున కాగితంలో పొట్లం కట్టి బొరియ లోపలికి తోసి మూతి మూయండి. గట్టు మీద, సాళ్లలో చల్లొద్దు. తర్వాత వారం రోజులు ఉదయం పూట తిరిగి చచ్చిన ఎలుకల్ని ఏరి లోతుగా పూడ్చండి. మందు చేత్తో కలపొద్దు, కర్రతో కలపండి. మీరొక్కరే చేస్తే పక్క చేనివి మీ చేనుకు వస్తాయి. నాలుగు చేల వాళ్లు మాట్లాడుకుని ఒకే రోజు చేస్తే మందు తక్కువ, ఫలితం ఎక్కువ.

ఎలుకల్ని పట్టేది గుంటనక్క ఒక్కటే కాదు. జెర్రిపోతు, ముంగిస, అడవి పిల్లి, గుడ్లగూబ అన్నీ ఆ పని మీదే ఉన్నాయి. గుడ్లగూబ కూస్తే కీడని రాళ్లేస్తాం. ఎలుక వైపు నుంచి చూస్తే కీడే మరి. పచ్చపురుగుకైతే ఎకరాకు 15, 20 పంగల కర్రలు పాతండి. పసులపోలిగాడు, గోరింక వాటి మీద వాలి పురుగుల్ని ఏరుకుంటాయి. గింజ గట్టిపడే వేళకు కర్రలు తీసేయండి.

కుక్కలు, నీళ్లు, బావులు

గుంటనక్కకు పెద్ద శత్రువు ఊరకుక్క. వెంటపడి చంపడం ఒకటైతే, రోగాలు అంటించడం రెండోది. పిచ్చికుక్క రోగం, డిస్టెంపరు రెండూ కుక్కల నుంచి వీటికి సోకుతాయి. చేను కాపలాకు కుక్కను పెట్టుకుంటే పశువుల డాక్టరు దగ్గర టీకాలు వేయించండి. అది మీ ఇంటి పిల్లలకూ రక్షే. పట్టపగలు తూలుతూ మనిషి మీదికి వచ్చే నక్క దగ్గరికి మాత్రం పోవద్దు. కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పావుగంట కడిగి, వెంటనే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకోవాలి. పసర్లు, తాయెత్తులు నమ్ముకుంటే ప్రాణం పోతుంది.

బోరు దగ్గర ఒక లోతు లేని తొట్టి పెట్టి రోజూ రెండు బిందెలు పోయండి. తొట్టిలో ఒక రాయి వేస్తే పడిన పిట్ట, ఉడత దాని మీదెక్కి బయటపడతాయి. నీళ్లు దొరికితే డ్రిప్పు పైపులు కొరికే బాధ కూడా కొంత తగ్గుతుంది. నేలమట్టానికి ఉన్న పాడుబావి చుట్టూ ముళ్లకంప వేయండి. రాత్రిపూట అందులో పడేది నక్కే కానక్కర్లేదు, మీ గొర్రెపిల్ల కావచ్చు, మనిషీ కావచ్చు.

నష్టమే లేదని అనను

కల్లం దగ్గర కోడిపిల్లను వదిలేస్తే గుంటనక్క వదలదు. దానికి మందు గంప కింద మూయడమే. అడవిపంది, జింక మీ పైరు మీద పడితే ఆ బాధ వేరు, అది చిన్న నష్టం కాదు. కానీ పందికి పెట్టిన కరెంటు తీగ పంది కోసమే ఆగదు. రాత్రి నీళ్లు కట్టడానికి పోయిన రైతులు ఆ తీగలకు తగిలి చనిపోయిన వార్తలు మీరు చదివే ఉంటారు. నాటుబాంబు ఉండలూ అంతే, ముందు మూతి పెట్టేది మీ ఎద్దే కావచ్చు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నక్కను, గుంటనక్కను చంపడం, పట్టడం, అమ్మడం నేరం. అదృష్టమని చెప్పి నక్కకొమ్ము అమ్మేవాళ్లు ఇప్పటికీ సంతల్లో తిరుగుతుంటారు. నక్కకు కొమ్ము ఉండదు. అది మీ డబ్బు లాక్కునే మోసం, పైగా కేసు కూడా మీ మెడకే చుట్టుకుంటుంది.

ఎవరికైనా కలిసొస్తే నక్క తోక తొక్కావా అంటాం. తోక తొక్కక్కర్లేదు. చలి తగ్గిందని, చేను ముందే ఖాళీ అయిందని తొందరపడి దాని ఇల్లు తొక్కకుండా ఉంటే చాలు. కోత కాగానే ట్రాక్టరు అతనికి ఫోను చేసే ముందు, ఒక్కసారి గట్టు వెంట నడిచి రండి. నేను నడవలేదు.