బిందె జరిగింది, చెయ్యి జరగలేదు

మా ఇంట్లో మంచినీళ్ల బిందె పాతికేళ్లుగా వంటింటి గుమ్మం పక్కన, ఎడమచేతివైపు పీట మీద ఉండేది. మొన్న సంక్రాంతికి సున్నాలు వేయించినప్పుడు దాన్ని కిటికీ కిందికి మార్చారు. మార్చేటప్పుడు నేనక్కడే ఉన్నాను. అయినా దాహమేసి వంటింట్లో అడుగుపెడితే చాలు, గ్లాసు పట్టుకున్న చెయ్యి గుమ్మం పక్కకే పోయేది. ఏడేళ్ల మా మనవరాలు చిన్ని అది చూసి, "తాతయ్యా, బిందె అక్కడ లేదని నీకు తెలుసు కదా! మరి నీ చేతికి చెప్పలేదా?" అంది.

ఎంత మంచి ప్రశ్నో చూడండి. చేతికి చెప్పలేదు, నిజమే. మనకు తెలిసిన సంగతులన్నీ మన అలవాట్లకు తెలియవు.

అమెరికాలో విలియం జేమ్స్ అనే ఆయన 1890లో మనస్తత్వశాస్త్రం మీద పెద్ద గ్రంథం రాస్తూ అలవాటుకే ఒక అధ్యాయం ఇచ్చాడు. పొలానికి అడ్డంగా పదిమంది రోజూ నడిస్తే కాలిబాట పడుతుంది కదా, చేసిన పనే మళ్లీమళ్లీ చేస్తే నరాల్లోనూ అలాంటి దారే పడుతుందన్నది ఆయన చెప్పినదాని సారం. ఆ దారి ఎలా పడుతుందో చాలా ఏళ్ల తర్వాత ఆన్ గ్రేబియల్ అనే శాస్త్రవేత్త, ఆమె బృందం ఎలుకల్లో చూశారు. టి అక్షరం ఆకారంలో సందు కట్టి, చివర తిండి పెట్టారు. మొదటి రోజుల్లో ఎలుక నడిచినంతసేపూ దాని మెదడు లోపలి భాగంలో కొన్ని కణాలు చురుగ్గా పనిచేశాయి. బాగా అలవాటు పడ్డాక బయల్దేరేటప్పుడు ఒకసారి, చేరాక ఒకసారి మాత్రమే గట్టిగా మోగాయి. మధ్యలో దాదాపు నిశ్శబ్దం. అంటే మెదడు ఆ పని మొత్తాన్నీ ఒక మూటగా కట్టేసింది. ముడి విప్పడానికి మొదట్లో ఒక సైగ దొరికితే చాలు, మిగతాది దానంతటదే జరిగిపోతుంది. నాకు ఆ సైగ వంటింటి గుమ్మం.

కొత్త అలవాటు చేసుకోవడానికి కూడా ఈ గుట్టే పనికొస్తుంది. మరి ఎన్నాళ్లు పడుతుంది? ఇరవై ఒక్క రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని చాలామంది చెబుతుంటారు. ఆ లెక్క 1960లో మ్యాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ రాసిన పుస్తకం నుంచి పాకింది. ఆపరేషన్ తర్వాత కొత్త ముఖానికి అలవాటు పడటానికి రోగులకు కనీసం అన్ని రోజులు పడుతోందని ఆయన గమనించాడు. ఆ 'కనీసం' అన్న మాట దారిలో ఎక్కడో జారిపోయింది. తర్వాత లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని తీసుకుని, ఒక్కొక్కరిచేత ఒక్కో చిన్న పని 84 రోజులపాటు చేయించింది. మధ్యాహ్నం భోజనంతో పాటు ఒక పండు తినడం, రాత్రి భోజనానికి ముందు కాసేపు పరుగెత్తడం, అలాంటివి. పని తనంతట తాను జరిగే స్థితికి రావడానికి ఒకరికి 18 రోజులే పడితే, ఇంకొకరికి 254 పడతాయని లెక్క తేలింది. నడిమి లెక్క 66. నాకు నచ్చిన సంగతి మరొకటుంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్దగా నష్టమేమీ జరగలేదు. ఒక్కరోజు తప్పిందని నడక మానేసిన స్నేహితులు నాకు చాలామంది ఉన్నారు. వాళ్లకు ఈ ముక్క పదేపదే చెబుతుంటాను. ఇక సైగ సంగతికొస్తే, నేను బీపీ మాత్రల అట్టని కాఫీపొడి డబ్బా మూత మీద పెట్టుకుంటాను. పొద్దున్నే డబ్బా తీయకుండా ఉండలేను కాబట్టి మాత్ర మరిచిపోయే వీలే లేదు.

అలవాటు సరే, ఇష్టం సంగతేమిటి?

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. చిన్నికి కథల పుస్తకాలంటే ప్రాణం. అన్నం కలుపుకుంటూ కూడా చదివేది. ఆ మురిపెంలో "ఒక్కో పుస్తకానికి పది రూపాయలు ఇస్తానమ్మా" అన్నాను. వారం తిరిగేసరికి బీరువాలో సన్నటి పుస్తకాలన్నీ అయిపోయాయి. లావువి ముట్టుకోలేదు. నెల తర్వాత డబ్బు ఆపితే చదవడమే ఆపేసింది.

ఇది మా ఇంటి వింత కాదు. బహుమతి ఎలా పనిచేస్తుందో ముందు ఎలుకల్లో చూద్దాం. స్కిన్నర్ అనే శాస్త్రవేత్త ఎలుకలకు మీట నొక్కితే తిండి ఉండ దొరికే పెట్టె చేశాడు. ఆ ఉండలు ఆయనే తయారు చేసుకునేవాడు. ఒక శనివారం చూసుకుంటే సోమవారం దాకా సరిపోయేట్టు లేవు. అందుకని ప్రతి నొక్కుడికీ ఇవ్వకుండా నిమిషానికొకటి మాత్రమే ఇచ్చాడు. ఎలుకలు మానలేదు, నొక్కుతూనే ఉన్నాయి. ఎప్పుడో ఒకసారి దొరికే బహుమతికి ఎంత పట్టు ఉంటుందో అలా తెలిసింది. మీ ఫోన్‌ని పదే పదే తీసి చూసుకుంటున్నారా? అక్కడ జరుగుతున్నదీ అదే.

కానీ మనిషి పిల్ల ఎలుక కాదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నర్సరీ బడిలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు చేసిన ఒక పరీక్ష 1973లో అచ్చయింది. రంగు పెన్నులతో బొమ్మలు గీయడమంటే ముందే ఇష్టమున్న పిల్లల్ని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకి, గీస్తే బంగారు నక్షత్రం, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. రెండో జట్టుకి చెప్పకుండా, గీసిన తర్వాత ఇచ్చారు. మూడో జట్టుకి ఏమీ లేదు. వారం, రెండు వారాలు పోయాక పెన్నులు ఊరికే అక్కడ పెట్టి, ఎవరు ఎంతసేపు గీస్తారో చాటునుంచి చూశారు. బహుమతి కోసం గీసిన పిల్లలు మిగతా రెండు జట్లతో పోలిస్తే దాదాపు సగం సేపే గీశారు. చెప్పకుండా బహుమతి అందుకున్న వాళ్లలో మాత్రం ఆ నష్టం కనిపించలేదు. అంటే చెడగొట్టింది బహుమతి కాదు, ముందే కుదిరిన బేరం. ఆట కాస్తా కూలిపని అయింది.

అలాగని బహుమతులన్నీ చెడ్డవని నేను అనను. ఎక్కాలు బట్టీ పట్టడానికీ, చేదు మందు మింగడానికీ బెల్లం ముక్క పనికొస్తుంది. అక్కడ చెడిపోవడానికి ముందు ఇష్టం ఉండాలి కదా! డెసీ, ర్యాన్ అనే ఇద్దరు దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. మనిషి మనసుకి మూడు కావాలన్నారు: ఇది నేనే ఎంచుకున్నాననే భావం, నాకు చేతనవుతోందనే ధైర్యం, నా పక్కన నావాళ్లున్నారనే భరోసా. నా పది రూపాయలు మొదటిదాన్నే లాగేసుకున్నాయి.

ఆ రోజుల్లోనే ఇంటికొచ్చిన చుట్టం ఒకాయన చిన్నిని చూసి, "దీనికి బద్ధకం ఎక్కువండీ" అన్నాడు. నాకు బాగా కష్టమనిపించింది. మనుషుల స్వభావానికి పేర్లు పెట్టడం చాలా తేలిక. 1936లో ఆల్‌పోర్ట్, ఆడ్‌బర్ట్ ఇంగ్లీషు నిఘంటువు ముందేసుకుని వెతికితే, మనిషి తీరు చెప్పే మాటలు దాదాపు 18,000 దొరికాయి. తర్వాతివాళ్లు వడబోసి వడబోసి అయిదుకి తెచ్చారు: కొత్తదనం మీద ఆసక్తి, శ్రద్ధ, కలుపుగోలుతనం, మెత్తదనం, కంగారు. అవి ఉన్నాయి, కొలవచ్చు కూడా. కానీ 1920లలో హార్ట్‌షోర్న్, మే అనే ఇద్దరు వేలమంది బడిపిల్లల నిజాయితీని పరీక్షించి చూస్తే, ఒకచోట మోసం చేసిన పిల్లలే ఇంకోచోట నిజాయితీగా ఉన్నారు. చోటు మారితే తీరు మారింది. చిన్నికి బద్ధకం లేదు. పుస్తకానికి నేను ధర కట్టాను, అంతే.

ఇప్పుడు రాత్రి భోజనమయ్యాక నేను అరుగు మీద నా పుస్తకం తెరుచుకుని కూర్చుంటున్నాను. ఏమీ అడగను. మూడో వారంలో తనే వచ్చి పక్కన కూర్చుంది. మొన్న లావు పుస్తకం ఒకటి తెచ్చుకుంది.

మీ ఇంట్లో చిన్నవాళ్లు ఇష్టంగా ఏదైనా చేస్తుంటే దగ్గర కూర్చుని, "ఏం చేస్తున్నావు నాన్నా?" అని అడగండి. జేబులో చెయ్యి మాత్రం పెట్టకండి.